జపాన్ డ్రింక్స్ యాడ్స్, వాటి పాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ యాడ్స్ లింకులు స్నేహితులకి పంపడం మొదలుపెట్టినప్పటి నుంచి అవే డౌట్లు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఆ పెంగ్విన్ పాట ఏది, భాష రాకపోతే ఏం అర్థమవుతుంది, మందు యాడ్ టీవీలో ఎలా వేస్తారు... ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే బదులు అన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్ళిపోండి. దగ్గర్లో ఇయర్‌ఫోన్స్ ఉంటే తెచ్చుకోండి, ఇవి చూసేవాటికన్నా వినేవి.

## మొదలుపెట్టేవాళ్ళకి

జపాన్ వాళ్ళు యాడ్‌ని "సీఎం" అంటారేంటి?

కమర్షియల్ మెసేజ్ అనే మాటకి పొడి అక్షరాలు అవి. మనకి సీఎం అంటే ముఖ్యమంత్రే గుర్తొస్తాడు కానీ అక్కడ ఎవరి నోట విన్నా టీవీ యాడ్ అనే అర్థం. యాడ్ పాటని సీఎం సాంగ్ అంటారు, పాతతరం వాళ్ళు "కొమాసోన్" అని కూడా అంటారు. ప్రైవేట్ టీవీ ప్రసారాలు 1953 ఆగస్టు 28న మొదలయ్యాయి, ఆ రోజు వచ్చిన మొదటి యాడ్ ఒక గడియారాల కంపెనీది. పాట మాత్రం అంతకంటే ముందే పుట్టింది. 1951లో ప్రైవేట్ రేడియో వచ్చినప్పుడు ఒక ఫోటో ఫిల్మ్ కంపెనీ కోసం చేసిన పాటనే మొదటి సీఎం సాంగ్‌గా లెక్కేస్తారు, విచిత్రం ఏంటంటే ఆ పాటలో కంపెనీ పేరే ఉండదు. తర్వాత వచ్చిన గొప్ప యాడ్ పాటల్లో చాలావరకు అదే దారిలో నడిచాయి.

పదిహేను సెకన్లలో పాట ఏం పడుతుంది?

అక్కడ టీవీ యాడ్‌కి మామూలు నిడివి 15 సెకన్లు, కాస్త ఖర్చు పెడితే 30. పాటలో మనం పల్లవి అని పిలుచుకునే, అందరూ గొంతు కలిపే ఆ ఎత్తు భాగాన్ని జపనీస్‌లో "సాబి" అంటారు. యాడ్‌లో నేరుగా అక్కడి నుంచే మొదలుపెడతారు. దీనివల్ల పాటలు రాసే పద్ధతే మారింది. సాబి ముందు తయారు చేసుకుని, యాడ్ హిట్టయ్యాక మిగతా పాట రాసుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. 1990ల జపాన్ పాటలు మొదటి సెకనులోనే గొంతెత్తి మొదలవడానికి ఇదొక పెద్ద కారణం అని నా నమ్మకం.

జపనీస్ ఒక్క ముక్క రాదు, నాకు నచ్చుతాయా?

నచ్చుతాయి. ముందు మాటలే లేని పాటలతో మొదలుపెట్టండి. నెస్కఫే గోల్డ్ బ్లెండ్ కాఫీ యాడ్‌కి యాగి మసావో కట్టిన బాణీలో "దబద" అనే శబ్దాలు తప్ప ఒక్క పదం ఉండదు. 1970ల నుంచి దశాబ్దాల పాటు అదే బాణీ నడిచింది. ఆ గొంతు ఇషూ కయోకోది, 1974లో వచ్చిన హైదీ కార్టూన్ సీరియల్ టైటిల్ పాట పాడింది కూడా ఆవిడే. రెండూ పక్కపక్కన వినండి, పొద్దున్నే కాఫీ పొగలో వినిపించే ఆ గొంతే కొండల్లో ఉయ్యాల ఊగే పిల్ల కోసం పాడుతుంటే ఎంత వేరుగా ఉంటుందో తెలుస్తుంది.

రెండోది సంటోరీ అనే మందు కంపెనీ ఓల్డ్ విస్కీ యాడ్. 1960ల చివర్లో కొబయాషి అసేయి కట్టిన బాణీ ఇది, మగ గొంతు, గిటార్, అర్థం లేని అక్షరాలు, అంతే. పేరు "యోరు గా కురు", అంటే రాత్రి వస్తోంది. పగలంతా పనిచేసి వచ్చినవాడు టై వదులు చేసుకుని కూర్చున్న ఆ క్షణం పాటలో వినిపిస్తుంది. దానికి అనువాదం ఎందుకు?

ఎన్నో వస్తువులుండగా డ్రింక్స్ యాడ్స్ పాటలే ఎందుకు అంత ఫేమస్?

జపాన్‌లో ఏ వీధి చివర చూసినా డ్రింక్స్ అమ్మే మెషిన్ ఉంటుంది. చిల్లర వేస్తే వేసవిలో చల్లని డబ్బా, చలికాలంలో అదే మెషిన్‌లో వేడి డబ్బా దొర్లుకుంటూ పడుతుంది. పాలు కలిపిన కాఫీని డబ్బాలో పోసి అమ్మడం 1969లో యూసీసీ అనే జపాన్ కంపెనీతోనే మొదలైంది. మెషిన్ ముందు నిలబడి ఏది నొక్కాలా అని ఆలోచించేది రెండు మూడు సెకన్లు. రుచి గురించి ఆలోచించడానికి అంత టైమ్ చాలదు, చెవిలో మోగుతున్న పాట మాత్రం ఆ రెండు సెకన్లలో పని చేస్తుంది. అందుకే కంపెనీలు పాట మీద అంత మనసు పెట్టాయి.

కాల్పిస్ అనే డ్రింక్ పేరు సంస్కృతం నుంచి వచ్చిందట, నిజమేనా?

నిజం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇదే. మిషిమా కైయున్ అనే ఆయన మంగోలియా వైపు తిరిగినప్పుడు అక్కడి పులియబెట్టిన పాలు తాగి, ఆ రుచి మీద మనసు పడి, 1919 జులై 7న జపాన్‌లో కాల్పిస్ అమ్మడం మొదలుపెట్టాడు. పేరులో మొదటి సగం కాల్షియం. రెండో సగం "సర్పిస్", అంటే మన సర్పి, నెయ్యి. అమరకోశంలో ఘృతం, ఆజ్యం, హవిస్సులతో పాటు నెయ్యికి చెప్పిన పేరు అదే. బౌద్ధ గ్రంథాల్లో పాల నుంచి వచ్చే రుచులని మెట్లు మెట్లుగా చెబుతారు, ఆ దారిలోనే ఈ మాట జపాన్ చేరింది. పేరు ఎలా ఉండాలని సంస్కృత పండితుడు వతనబే కైగ్యోకుని అడిగారు, తర్వాత సంగీత దర్శకుడు యమద కొసాకుని కూడా అడిగారు. కాల్పిస్ అయితేనే పలకడానికి, వినడానికి బాగుంటుందని చెప్పింది సంగీతం తెలిసిన ఆయనే. జపాన్‌లో టీవీ రావడానికి ముప్పై ఏళ్ళకు పైగా ముందే ఒక డ్రింక్ పేరుకి శ్రుతి చూశారన్నమాట. "తొలిప్రేమ రుచి" అనే దాని ట్యాగ్‌లైన్ 1922 నాటిది, ఇప్పటికీ అక్కడ పెద్దవాళ్ళకి గుర్తే.

## ఒక్కో యాడ్ గురించి

పెంగ్విన్లు బార్‌లో కూర్చుని ఏడుస్తాయే, ఆ యాడ్ ఏది? పాడింది ఎవరు?

1983లో వచ్చిన సంటోరీ క్యాన్ బీర్ యాడ్ అది. బొమ్మల్లో గీసిన చిన్న క్లబ్బు, సగం చీకటి, స్టేజీ మీద మైకు ముందు ఒక ఆడ పెంగ్విన్ నెమ్మదిగా పాడుతూ ఉంటుంది. కింద టేబుళ్ళ దగ్గర పెంగ్విన్లు, వాటిలో ఒకదాని కంట్లోంచి నీటిబొట్టు జారుతుంది. జరిగేది అంతే. చిన్నపిల్లల బొమ్మలా ఉన్న ఆ పక్షి మొహంలో అంత పెద్దవాళ్ళ దుఃఖం ఎలా పెట్టారా అని ఎన్నిసార్లు చూసినా అనిపిస్తుంది.

పాట పేరు "స్వీట్ మెమొరీస్", పాడింది మత్సుద సేయికో. అప్పటికి ఆవిడ దేశంలోనే పెద్ద ఐడల్, అంటే కుర్రకారు ఆరాధించే పాప్ గాయని, చలాకీ పాటలకి పేరు. యాడ్‌లో ఇంగ్లీష్ చరణం వేశారు, మొదట్లో సింగర్ పేరు తెరమీద వేయలేదు. దాంతో ఎవరీ గొంతు అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయి, చివరికి పేరు వేశారు. ఆ పాట నిజానికి "గరసు నో రింగో" అనే రికార్డుకి వెనక వైపు పాట. యాడ్ దెబ్బకి ఆ రికార్డునే రెండూ ముందు పాటలేనన్నట్టుగా మళ్ళీ విడుదల చేస్తే మళ్ళీ మొదటి స్థానానికి ఎక్కింది. బాణీ ఒమురా మసఅకి, మాటలు మత్సుమోతో తకషి. ఈ పెంగ్విన్లతో 1985లో సినిమా కూడా వచ్చింది.

పొకారి స్వెట్ పాటలన్నీ ఒకే వేసవిలా ఎందుకు ఉంటాయి?

1980లో ఒత్సుకా ఫార్మా కంపెనీ తెచ్చిన డ్రింక్ ఇది, చెమటలో పోయే ఉప్పూ నీళ్ళూ తిరిగి ఇచ్చేది. 1993లో జార్డ్ పాడిన "యురేరు ఒమోయి", 1994లో డీన్ పాడిన "హితోమి సొరసనాయిదె", 1995లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ పాడిన "తొత్సుజెన్" మూడూ వరసగా పొకారి యాడ్ పాటలే, మూడూ పెద్ద హిట్లే. మీకు ఒకేలా అనిపిస్తున్నాయంటే మీ చెవి సరిగ్గానే పనిచేస్తోంది. పాడింది వేరే వేరే వాళ్ళయినా మూడింటికీ బాణీ ఒద తెత్సురోది, మూడింటికీ మాటలు రాసింది జార్డ్ గాయని సకాయి ఇజుమి. నీలి ఆకాశం, పరిగెత్తే అమ్మాయి, గిటార్ మీద ఎగిసే గొంతు, చెప్పలేకపోయిన మాట ఒకటి. సకాయి ఇజుమి 2007లో చనిపోయింది. వేసవి వస్తే "యురేరు ఒమోయి" విని కళ్ళు తుడుచుకునే నడివయసు వాళ్ళు జపాన్‌లో ఇప్పటికీ ఉన్నారు. మీరు మూడింట్లో ఒక్కటే వినేట్టయితే అదే వినండి.

"24 గంటలు పోరాడగలవా" అని అడిగే యాడ్ నిజంగా వచ్చిందా?

వచ్చింది. రీగెయిన్ అనే ఎనర్జీ డ్రింక్‌ది. పాట పేరు "యూకి నో షిరుషి", అంటే ధైర్యానికి గుర్తు. నటుడు తొకితో సబురో సూట్ వేసుకుని, బ్రీఫ్‌కేస్ పట్టుకుని, ప్రపంచమంతా తిరిగే జపాన్ ఉద్యోగిగా కనిపిస్తాడు, కవాతు పాటలాంటి బాణీలో తనే పాడతాడు. రికార్డు 1989 నవంబరులో వచ్చింది. టోక్యో షేర్ మార్కెట్ సూచీ 38,915 దగ్గర శిఖరం తాకింది అదే ఏడాది డిసెంబరు 29న. తర్వాత ఆ ధరల బుడగ పగిలింది. పని ఒత్తిడితో చనిపోవడానికి "కరోషి" అనే మాట అక్కడ అప్పటికే ఇంటింటికీ తెలుసు. ఈ పాట ఇప్పుడు వింటే నాకు హుషారు కన్నా బాధే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే దాన్ని నిజంగా నమ్మి, ఆఫీసు నుంచి చివరి రైలు పట్టుకుని వెళ్ళినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. నైట్ షిఫ్ట్ చేసే మన హైదరాబాద్ ఐటీ వాళ్ళకి పంపితే అందరూ ఒకే మాట అన్నారు: ఇది మన గురించే.

కాఫీ యాడ్‌లో ఆఫీసు వాళ్ళంతా కలిసి పాడే పాట పాతదా, కొత్తదా?

రెండూ. "అషిత గా అరు సా", అంటే రేపు ఉందిలే. మొదట 1963లో సకామోతో క్యూ పాడాడు. నచ్చిన అమ్మాయి కోసం ఎదురుచూస్తూ, ఇవాళ మాట్లాడలేకపోయినా రేపు ఉంది కదా అనుకునే కుర్రాడి పాట. 2000-2001 నాటికి దేశం ఆర్థికంగా పదేళ్ళుగా నీరసించి ఉంది, అప్పుడు జార్జియా డబ్బా కాఫీ యాడ్ కోసం దీన్ని బయటికి తీసి, మాటలు మార్చి, ఆఫీసులో దెబ్బలు తినే ఉద్యోగి పాటగా చేశారు. యాడ్ నిండా యోషిమోతో సంస్థ హాస్యనటులే. ఉల్ఫుల్స్ అనే బ్యాండ్ ఒక రికార్డు, ఆ హాస్యనటులంతా కలిసి రీ:జపాన్ పేరుతో ఇంకో రికార్డు చేస్తే 2001లో రెండూ హిట్టయ్యాయి. అమ్మాయి కోసం ఆశపడిన కుర్రాడు నలభై ఏళ్ళకి అలసిపోయిన ఉద్యోగి అయ్యాడు, పల్లవి మాత్రం మారలేదు.

విస్కీ యాడ్‌లో ఆడ గొంతుతో వచ్చే ఆ మెత్తని పాట?

"విస్కీ గా ఒసుకి దెషో", అంటే మీకు విస్కీ ఇష్టం కదూ. 1990ల మొదట్లో సంటోరీ క్రెస్ట్ అనే విస్కీ కోసం ఇషికవా సయురి పాడింది. ఆవిడ మన జానపదంలా మట్టి వాసన ఉండే ఎన్‌కా పాటలకి పెద్ద పేరున్న గాయని, ఇక్కడ మాత్రం జాజ్‌లా పాడింది. బాణీ సుగి మసమిచిది. తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళకి విస్కీ తాగేవాళ్ళు బాగా తగ్గిపోతే, సంటోరీ తన కకుబిన్ విస్కీని సోడాతో కలిపి హైబాల్‌గా అమ్మాలని చూసింది. బార్ కౌంటర్ వెనక నటి కొయుకి నిలబడి, గ్లాసు నిండా ఐస్ వేసి, విస్కీ పోసి, సోడా పోసి నెమ్మదిగా ఒక్కసారి కలుపుతుంది. వెనక ఇదే పాట. పెద్దవాళ్ళ డ్రింక్ అనుకున్నది కుర్రకారు డ్రింక్ అయిపోయింది. తర్వాత నటీమణులు మారారు, గాయకులు మారారు, పాట మాత్రం అదే.

సిటీ పాప్ (1970, 80ల నాటి జపాన్ నగరాల పాప్ సంగీతం) ఇష్టం నాకు. ఆ మనుషులెవరైనా యాడ్స్‌కి పాడారా?

పాడారు, అసలు చాలామంది అక్కడే చెయ్యి తిరిగారు. మిత్సుయా సైడర్ వినండి. జపాన్‌లో సైడర్ అంటే మందు కాదు, మన గోలీసోడాలాంటి తియ్యటి సోడా, బ్రాండ్ 1884 నాటిది. 1973లో ఒతాకి ఎయిచి దీనికి యాడ్ పాట చేశాడు, తర్వాత కొన్నేళ్ళ పాటు ఏడాదికొకటి చేస్తూ వచ్చాడు. 1976 పాట మాత్రం యమషిత తత్సురోది. గొంతు మీద గొంతు పేర్చి, బుడగలు పైకి లేచినట్టు ఉండే ఆ కోరస్ ఒతాకి యాడ్స్ కోసం చేసి చేసి పదును పెట్టుకున్నదే, 1981లో ఆయన తెచ్చిన ఆల్బమ్ "ఎ లాంగ్ వెకేషన్"లో అదే ధ్వని పూర్తిగా విచ్చుకుంది. ఆ ఆల్బమ్ ఇష్టమైతే ఈ సైడర్ పాటలు వినకుండా ఉండకండి.

హాలీవుడ్ వాళ్ళు జపాన్ మందు యాడ్స్‌లో చేశారట?

చాలామంది. 1970ల్లో అమెరికన్ గాయకుడు, నటుడు సామీ డేవిస్ జూనియర్ సంటోరీ వైట్ విస్కీ యాడ్‌లో ఐస్ గ్లాసులో పడే చప్పుడు, విస్కీ పోసే చప్పుడు అన్నీ నోటితోనే పలికించాడు. అది మామూలు ప్రతిభ కాదు, సంగీతం ఎంత తక్కువలో పుడుతుందో చూడాలంటే అది చూడండి. 1980లో సినిమా దర్శకులు కురొసావా, కొప్పోలా ఇద్దరూ సంటోరీ రిజర్వ్ యాడ్‌లో కలిసి కనిపించారు. కొప్పోలా కూతురు సోఫియా 2003లో తీసిన "లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్"లో అమెరికన్ నటుడు టోక్యో వచ్చి సంటోరీ విస్కీ యాడ్ చేస్తాడు, ఆ ఆలోచన ఇంట్లోంచి వచ్చిందే. 1989లో అమెరికన్ గాయకుడు రే చార్ల్స్ సదర్న్ ఆల్ స్టార్స్ బ్యాండ్ పాట "ఇతోషి నో ఎల్లీ"ని ఇంగ్లీష్‌లో పాడితే సంటోరీ యాడ్‌లో వేశారు, జపాన్ పాటని ఆయన గొంతులో విన్నప్పుడు అక్కడి జనం పొంగిపోయారు. టామీ లీ జోన్స్ అయితే 2006 నుంచి బాస్ కాఫీ యాడ్స్‌లో మనుషుల్ని పరిశీలించడానికి వచ్చిన గ్రహాంతరవాసి, ఏళ్ళ తరబడి రకరకాల ఉద్యోగాలు చేస్తూనే ఉన్నాడు.

టీ యాడ్‌కి ఘిబ్లీ సంగీతంలా వినిపిస్తుంది, నా భ్రమేనా?

భ్రమ కాదు. ఇయెమోన్ గ్రీన్ టీ యాడ్‌కి సంగీతం హిసాయిషి జో, ఘిబ్లీ స్టూడియో యానిమేషన్ సినిమాలకి సంగీతం ఇచ్చిన ఆయనే, పేరు "ఓరియెంటల్ విండ్". 2004లో వచ్చింది. క్యోటోలో 1790లో మొదలైన ఫుకుజుయెన్ టీ దుకాణంతో కలిసి సంటోరీ చేసిన సీసా టీ ఇది. మొతోకి మసహిరో టీ చేసే పెద్దమనిషి, మియజావా రియే అతని భార్య. వాన, చెక్క అరుగు, ఇద్దరి మధ్య తక్కువ మాటలు. వయొలిన్లు ఎత్తుకునే చోట నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పెప్సీమ్యాన్ పాట?

జేమ్స్ షిమోజి చేశాడు. 1996లో జపాన్ పెప్సీ కోసం పుట్టిన పాత్ర అది, 1999లో ప్లేస్టేషన్ గేమ్ కూడా వచ్చింది. హుషారుగా ఉంటుంది, ఒక్కసారి వింటే చాలు.

## తరచూ వచ్చే అనుమానాలు

అక్కడ మందు యాడ్స్ టీవీలో వేయొచ్చా?

వేయొచ్చు. మన దగ్గర కేబుల్ టీవీ రూల్స్ ప్రకారం నిషేధం కాబట్టి సోడా, మ్యూజిక్ సీడీల పేరుతో చూపిస్తారు. అక్కడ నిషేధం లేదు, కానీ కంపెనీలు తమకి తామే పెట్టుకున్న కట్టుబాట్లు ఉన్నాయి. పొద్దున 5 నుంచి సాయంత్రం 6 దాకా టీవీలో మందు యాడ్స్ వేయరు. తాగే వయసు 20 అయినా యాడ్‌లో మోడల్‌కి కనీసం 25 ఉండాలి. 2016 నుంచి గటగటా తాగే చప్పుడు, గొంతు దగ్గర క్లోజప్ కూడా మానేశారు. పాత బీర్ యాడ్స్‌లో ఆ చప్పుడే సగం సంగీతం. అయినా మానేయడమే మంచిది, తాగుడు మానాలని కష్టపడేవాళ్ళకి ఆ శబ్దం ఎంత నరకమో ఆలోచించండి.

పాట యాడ్ కోసం రాస్తారా, ఉన్న పాట కొంటారా?

రెండూ ఉన్నాయి. 1960, 70ల్లో ఎక్కువగా యాడ్ కోసమే కట్టిన పాటలు. తర్వాత్తర్వాత "టైఅప్" పద్ధతి పెరిగింది, అంటే రికార్డు కంపెనీ కొత్త పాటని యాడ్‌కి ఇస్తుంది, డ్రింక్‌కి పాట దొరుకుతుంది, పాటకి రోజూ టీవీలో చోటు దొరుకుతుంది. 1990ల్లో టైఅప్ లేకుండా హిట్ కొట్టడం కష్టం అనే పరిస్థితి వచ్చింది. పాత పాటని వెతికి తెచ్చి కొత్త గొంతుతో పాడించేది మూడో రకం. నా ఓటు దానికే, ఎందుకంటే అమ్మకి తెలిసిన పాట కూతురికి కొత్తగా వినిపిస్తుంది, ఇద్దరూ టీవీ ముందు ఒకేసారి తలెత్తుతారు.

ఇప్పుడు అలాంటివి రావట్లేదా?

వస్తున్నాయి. 2016 ఏప్రిల్‌లో కుమమోతోలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ చలికాలం కిరిన్ కంపెనీ "గోగో నో కోచా" టీ యాడ్‌ని అదే ప్రాంతంలో, మినమి అసో చిన్న రైలు లైనులో తీసింది. కమిషిరయిషి మొక అనే అమ్మాయి స్టేషన్లో కూర్చుని స్పిట్జ్ బ్యాండ్ పాత పాట "కయెదె" పాడుతుంది. భూకంపం అనే మాటే ఎక్కడా రాదు.

2020లో కరోనా వచ్చి పిల్లలు ఇళ్ళలో ఉండిపోతే, పొకారి స్వెట్ వాళ్ళు ఎవరింట్లో వాళ్ళు ఫోన్‌తో తీసుకున్న పాటలన్నీ కలిపి ఒక బృందగానంగా చేశారు. తర్వాతి ఏడాది యాడ్‌లో నకజిమా సెనా అనే అమ్మాయి గాలికి ఎదురు పరిగెడుతుంటే స్కూల్ వరండా నేల అలల్లా లేస్తుంది. గ్రాఫిక్స్ అనుకుంటాం, నిజంగా సెట్ కట్టి కదిలించారు. ఆ పాట "బ్లూ సోల్స్"లో ఐనా ది ఎండ్ గొంతు గరుకుగా, చిరిగిపోతున్నట్టు ఉంటుంది, అదే దాని అందం.

## వెతకడం, చూడడం

యాడ్ గుర్తుంది, పాట పేరు తెలీదు. ఎలా పట్టుకోవాలి?

ముందు వీడియోని ఆపి మూలలు చూడండి. జపాన్ యాడ్స్‌లో చిన్న స్వరం గుర్తు పక్కన పాట పేరు, సింగర్ పేరు వేయడం మామూలే. లేకపోతే డ్రింక్ పేరు జపనీస్ లిపిలో రాసి, పక్కన సీఎం అనే ఇంగ్లీష్ అక్షరాలు, ఏడాది కలిపి వెతకండి. ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తో పదోవంతు కూడా దొరకదు. పేరు జపనీస్‌లో ఎలా రాయాలో తెలీకపోతే ఆ డ్రింక్ వికీపీడియా పేజీలో భాష మార్చి అక్కడి నుంచి కాపీ చేసుకోండి. ఇంకో సంగతి, యాడ్‌లో విన్న గొంతు రికార్డులో ఉండకపోవచ్చు. 1987 నుంచి నడిచిన "ఐ ఫీల్ కోక్" యాడ్స్‌లో బాణీ ఒకటే కానీ గాయకులు మారుతూ వచ్చారు, కాబట్టి ఏ ఏడాది యాడ్ చూశారో ముందు తేల్చుకోండి.

జపాన్ వెళ్తున్నాను, ఇవి ఎక్కడైనా చూడొచ్చా?

రెండు చోట్ల. టోక్యో షియోదోమెలో యాడ్ మ్యూజియం ఉంది, 2002లో మొదలైంది. రెండోది యొకొహామాలో నిహోన్ ఓదోరి స్టేషన్ పక్కనే ఉన్న బ్రాడ్‌కాస్టింగ్ లైబ్రరీ, పాత టీవీ కార్యక్రమాలతో పాటు యాడ్స్ కూడా కూర్చుని చూడొచ్చు. రెండిటికీ టికెట్ లేదు. సెలవు రోజులు వెళ్ళే ముందు చూసుకోండి. యొకొహామాకి కనీసం సగం రోజు పెట్టుకోండి, గంటలో వచ్చేద్దాం అనుకుంటే వెతకడానికే సరిపోతుంది. మీరు చూడాలనుకున్న యాడ్స్ పేర్లు, ఏళ్ళు జపనీస్‌లో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, అక్కడివాళ్ళకి చూపిస్తే సరిపోతుంది.